మంత్రిని బలిచ్చే చిన్నాయన

చదరంగంలో ఎదుటి రాజు మీదికి సొంత పావులను ఒక్కొక్కటిగా బలిచ్చుకుంటూ దూకే పజిళ్లను విప్పడమే ఆటగా, ఆ విప్పే తీరునే నడవడిగా చేసుకున్న నడివయసు మనిషిని ఈ వ్యాసంలో చిన్నాయన అని వ్యవహరించడమైంది. ఈ జాతి తెలుగు నేలంతటా ఉంది గానీ ఇక్కడి వర్ణనకు ఆధారం ఆత్మకూరు రకం. ఆత్మకూర్లు చాలా ఉన్నాయి కాబట్టి ఏదో చెప్పాలి. నెల్లూరు సీమది కాదు, అనంతపురానిది కాదు, వనపర్తి పక్కది కాదు. కర్నూలు నుంచి శ్రీశైలం పోయే దారిలో నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి పోయింది. చిన్నాయన ఇప్పటికీ అడ్రసులో కర్నూలనే రాస్తాడు. పోస్టుమన్ అడిగితే "కోట కట్టుకున్నంత మాత్రాన రాజు వేరే రాజైతాడా అప్పా" అంటాడు. చదరంగంలో కోట కట్టడమంటే, అంటే రాజును ఏనుగు చాటుకు జరపడమంటే, ఏమిటో పోస్టుమన్‌కు తెలియదు. తెలియదన్న సంగతి చిన్నాయనకు పట్టదు.

మనిషిని గుర్తుపట్టడం సులభం. కళ్లద్దాలు నుదుటి మీద ఉంటాయి, ఫోను ముక్కుకు జానెడు దూరంలో ఉంటుంది, పెదాలు మాత్రం ఆగకుండా కదులుతుంటాయి. దూరం నుంచి చూసినవాళ్లు జపమనుకుంటారు. దగ్గరికి పోతే "గుర్రం ఇట్ల, రాజు అట్ల, మంత్రి పాయ, పోనీ" అని వినబడుతుంది. పొద్దున హోటల్లో ఉగ్గాని ప్లేటు ముందు పెట్టుకుని కూర్చుంటే అది చల్లారి, బొరుగులు మెత్తబడి, పక్కనున్న మిరపకాయ బజ్జి నూనె కాగితాన్ని దాటి బల్ల మీదికి పాకేదాకా చెయ్యి పెట్టడు. పెట్టినా తినడానికి కాదు. ఉప్పు గిన్నె రాజు, నీళ్ల గ్లాసు ఏనుగు, బజ్జి మంత్రి. బజ్జిని ఉప్పు గిన్నె పక్కకు జరిపి "ఇప్పుడు యాడికి పోతాడు?" అని ఎదుటి కుర్చీలో ఉన్న అపరిచితుణ్ణి అడుగుతాడు. ఆ అపరిచితుడు సాధారణంగా శ్రీశైలం బస్సు కోసం చూస్తున్న యాత్రికుడు. తనను అడుగుతున్నాడనుకుని "శ్రీశైలం పోతాడు" అంటాడు.

పావుల పేర్ల విషయంలో చిన్నాయన పట్టుదల చెప్పుకోదగింది. ఆయన లెక్కలో రాజు పక్కనుండేది మంత్రి, మూలనుండేది ఏనుగు, మూలకు మూలగా పోయేది ఒంటె. ఒంటెను శకటు అనేవాళ్లు ఉన్నారు, వాళ్లను క్షమిస్తాడు. కర్నూల్లో కోచింగుకు పోయి వచ్చిన పిల్లలు క్వీన్, రూక్, బిషప్ అంటారు, వాళ్లను క్షమించడు. పోయే పావుకు రాణి అని పేరు పెట్టుకుంటే బలివ్వడానికి చెయ్యి రాదనీ, మంత్రి అయితే ఎప్పుడైనా తీసేయొచ్చనీ ఆయన వాదం. రాజకీయాలు చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

బలినిచ్చి రాజును పట్టే పజిలు నిన్న మొన్న ఫోనులో పుట్టింది కాదు. పారశీక కథల్లో దిలారామ్ అనే ఆమె ఉంది. మొగుడు చదరంగం పందెంలో ఉన్నదంతా పోగొట్టుకుని చివరకు ఆమెనే ఒడ్డాడు. ఓడిపోబోతుంటే ఆమె, రెండు ఏనుగులనూ ఇచ్చెయ్ గానీ దిలారామ్‌ను ఇవ్వొద్దని చెప్పింది. అతను ఏనుగులను బలిచ్చి ఆట కట్టాడు. మన వైపు చూస్తే శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచేవాడని బొడ్డుచర్ల తిమ్మనను చాటువులు పొగిడాయి. అందుకు కొప్పోలు అగ్రహారం దక్కిందని చెబుతారు. 1814లో తిరువేంగడాచార్య శాస్త్రి అనే పండితుడు విలాసమణిమంజరి అనే సంస్కృత గ్రంథంలోని చదరంగ సమస్యలను యూరపు ఆట పద్ధతికి మార్చి ఇంగ్లీషులో బొంబాయిలో అచ్చు వేయించాడు. అంటే మన పండితులు పజిలు పుస్తకాన్ని తెల్లవాళ్లకు ఎగుమతి చేసి రెండు వందల ఏళ్లు దాటింది. చిన్నాయనకు వీటిలో దిలారామ్ కథ ఒక్కటే నచ్చింది. దాన్ని చిన్నమ్మకు నలభై సార్లు చెప్పి ఉంటాడు. చిన్నమ్మ బియ్యంలో రాళ్లేరుతూ ఒక్కసారే జవాబిచ్చింది: "నన్ను పందెం పెట్టింటే నయముండె. ఎద్దులనమ్మితివే." ఎద్దుల సంగతి తర్వాత వస్తుంది.

చిన్నాయన ఇలవేల్పు మాత్రం మనవాడు కాదు, అండర్సన్ అనే జర్మన్ లెక్కల మాస్టరు. 1851 జూన్ 21న లండన్‌లో కీసెరిట్‌స్కీ మీద ఆడిన ఒక సరదా ఆటలో ఈ మాస్టరు ఒక ఒంటెను, రెండు ఏనుగులను, చివరకు మంత్రిని కూడా ఇచ్చేసి, మిగిలిన చిన్నా చితకా పావులతోనే రాజును కట్టాడు. దానికి అమర క్రీడ అని పేరు. అందులో ప్రతి ఎత్తు చిన్నాయనకు కంఠతా వచ్చు. కూతురి పుట్టినరోజు రాదు. లెక్కల మాస్టరై ఉండి తొమ్మిది, ఐదు, ఐదు, మూడు విలువల పావులన్నీ ధారపోశాడంటే లెక్కలు వచ్చినవాడే లెక్క తప్పగలడని చిన్నాయన సిద్ధాంతం. ఆయన కిరాణా కొట్టు బాకీ పుస్తకం కూడా ఈ సిద్ధాంతం ప్రకారమే నడుస్తుంది. ఎవరికైనా పెద్ద మొత్తం అరువిచ్చినప్పుడు ఆ పద్దు పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు వేస్తాడు. చదరంగం పుస్తకాల్లో అద్భుతమైన ఎత్తుకు వేసే గుర్తు అది. పుస్తకంలో అలాంటి గుర్తులు చాలా ఉన్నాయి. వసూలైన గుర్తులు తక్కువ.

ఇక పజిలు విప్పే పద్ధతి. చిన్నాయన ప్రాణంగా చూసుకునేది ఊపిరాడని కట్టు. లూసెనా అనే స్పెయిన్‌వాడు 1497లో అచ్చు వేసిన పుస్తకంలోనే ఇది ఉంది, కానీ లోకం దీన్ని రెండు వందల ఏళ్ల తర్వాత పుట్టిన ఫిలిడార్ ఆస్తిగా చెప్పుకుంటుంది. చెరువు తవ్వినవాడొకడు, శిలాఫలకం మీద పేరొకడిది. పలక మీద స్థితి ఇలా ఉంటుంది. నల్ల రాజు కుడివైపు మూలకు ఒక గడి ఇవతల నిలబడి ఉన్నాడు. మూల గడి ఖాళీ. దానికి ముందో బంటు, రాజుకు ముందో బంటు. అదే వరుసలో ఎడమ చివర నల్ల ఏనుగు, మధ్యలో అడ్డం లేదు. తెల్ల గుర్రం రాజుకు మూడు వరుసల దూరంలో ఉంది. తెల్ల మంత్రి దూరం నుంచి మూలకు మూలగా వచ్చి షా అంటాడు, అంటే రాజు మీదికి గురి పెడతాడు. రాజు అటు పక్కకు జరిగితే మంత్రి గుర్రం అండతో మీదికొచ్చి అక్కడే కట్టేస్తాడు. కాబట్టి మూలకే పోవాలి. గుర్రం ముందుకు దూకి షా. రాజు వెనక్కి వస్తాడు. ఇప్పుడు గుర్రం పక్కకు తప్పుకుంటుంది. తప్పుకోవడంలో తాను ఒక షా ఇస్తుంది, తన వెనకున్న మంత్రికి దారి వదిలి ఇంకో షా ఇప్పిస్తుంది. రెండు షాలు ఒక్కసారి పడితే అడ్డం పెట్టడానికి ఉండదు, కొట్టడానికి ఉండదు, రాజు కదలాల్సిందే. మళ్లీ మూలకు.

ఇక్కడికి వచ్చేసరికి చిన్నాయన గొంతు తగ్గుతుంది. చుట్టూ చూస్తాడు. కళ్లద్దాలు నుదుటి మీద నుంచి కళ్ల మీదికి దిగుతాయి. మంత్రిని తీసుకుపోయి రాజు పక్క గడిలో, ఏనుగు నోటి ముందు పెడతాడు. రాజు కొట్టలేడు, ఆ గడిని గుర్రం కాస్తోంది. ఏనుగే కొట్టాలి. ఏనుగు వచ్చి మంత్రిని తిని ఆ గడిలో కూర్చుంటుంది. అంతే, రాజు చుట్టూ సొంత మనుషులే: ముందు బంటు, మూలగా బంటు, పక్కన ఏనుగు. గుర్రం మళ్లీ ఒక్క దూకు దూకి షా అంటుంది. కదలడానికి గడి లేదు. "బైర్లూటి చెక్‌పోస్టు రాత్రిపూట మూసినట్ల," అంటాడు చిన్నాయన శ్రీశైలం దారిలోని అడవి గేటును తలుచుకుని, "వెనక్కి లేదు, ముందుకు లేదు, చుట్టూ మనోళ్లే." ఆ క్షణంలో ఆయన ముఖం చూసినవాళ్లకు ఆయన మీద కోపం నిలవదు. ఆ ముఖానికి పదేళ్లుంటాయి.

కోపం తెప్పించేది ఆ తర్వాత జరిగేది. ఇదే పజిలును ఫోనులో ఇతరులకు చూపించి "నువ్వు విప్పు" అంటాడు, విప్పనివ్వడు. మూడు లెక్కబెట్టేలోగా "మంత్రి చూడు, మంత్రిని చూడు" అంటాడు. మంత్రి అని చెప్పేశాక విప్పడానికేముంది? చూస్తున్నవాడు ఊరకనే మంత్రిని వేలితో జరిపితే "ఎట్ల కనుక్కున్నావబ్బీ!" అని వీపు తడతాడు. బస్సులో, పెళ్లి పందిట్లో, సావు ఇంట్లో కూడా. బావ తండ్రి దినం రోజు, ఆకులు వేసి పప్పు వడ్డించే లోపల, ఎడమ చేత్తో ఫోను తిప్పి పక్కాకు మనిషికి పజిలు చూపించిన సందర్భం ఉంది. ఆ పక్కాకు మనిషి కర్మ చేసినవాడు.

మంత్రి పోయిందని ఎవరైనా జాలిపడితే చిన్నాయన సంగమేశ్వరం సామ్యం తెస్తాడు. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ గుడి శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగే ఉంటుంది, ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు తేలుతుంది. "మునిగిందని గుడి లేదంటామా? నీళ్లు దిగనీ, కనబడతాది." సామ్యం గొప్పదే. కాని ఆయన ఆడే ఆటల్లో నీళ్లు దిగేలోపల ఆటే అయిపోతుంది.

ఎందుకంటే పజిలుకూ ఆటకూ ఒక తేడా ఉంది, ఆ తేడా చిన్నాయన కంటికి ఆనదు. పజిలు కింద "తెల్ల ఆడి గెలుస్తుంది" అని రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం సగం పని చేసి పెడుతుంది. గెలుపు ఉందని తెలిసినవాడు ఎంత దుబారా అయినా చేయగలడు. నిజం ఆటలో ఆ వాక్యం ఎవరూ రాసిపెట్టరు. గ్రీకు కానుక అనే ఎత్తు ఒకటుంది. ఇటలీ వాడైన గ్రెకో 17వ శతాబ్దంలోనే రాతప్రతుల్లో చూపించాడు. ఒంటె పోయి రాజు ముందరి మూల బంటును తినడం, రాజు దాన్ని తింటే గుర్రం, మంత్రి వెంటబడడం. ఇది పారడానికి షరతులున్నాయి. వాటిలో మొదటిది, ఆ బంటును కాసే నల్ల గుర్రం తన కాపలా గడిలో ఉండకూడదు. ఉంటే అది ఒంటెను తినేసి ఊరుకుంటుంది. చిన్నాయన చూసేది బంటును, గుర్రాన్ని కాదు. ఒంటెను టప్పున కొట్టి, ఛాతీ విరుచుకుని కూర్చుంటాడు. ఎదుటి కుర్రవాడు గుర్రంతో ఒంటెను తీసి డబ్బాలో వేస్తాడు. చిన్నాయన పలక వైపు చాలాసేపు చూసి "గుర్రం ఆడ ఏంటికి పెట్టినావు?" అని కుర్రవాణ్ణే అడుగుతాడు.

ఎద్దుల సంగతి ఇక్కడ చెప్పాలి. మెట్ట సీమలో బోరు వేయడం కూడా బలినిచ్చే ఎత్తే. నీటి జాడ చూసేవాడు టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. ఎక్కడ టెంకాయ లేచి నిలబడితే అక్కడ నీళ్లు. చిన్నాయన చేనులో టెంకాయ నిలబడింది. ఆయన దృష్టిలో అది రెండు ఆశ్చర్యార్థకాల ఎత్తు. ఎద్దుల జతను అమ్మాడు; బండి వచ్చింది; రాత్రంతా పొడి దుమ్ము లేచి, తెల్లారేసరికి ఊరి కుక్కలు కూడా తెల్లబడ్డాయి. నీళ్లు పడలేదు. రెండో బోరుకు చిన్నమ్మ గాజులు. మూడో బోరుకు మిరప పంట మీద తెచ్చిన అప్పు. మూడోదాంట్లో పడ్డ తడి బకెట్టులో సగానికి రాలేదు. "ఇంకొక్క ఎత్తుంది, నాకు కనబడతాంది" అన్నాడు చిన్నాయన. ఆ మాట అనని రైతు ఈ సీమలో అరుదు, కాబట్టి ఇందులో చిన్నాయనను ఒక్కణ్ణే వేలెత్తి చూపడం అన్యాయం. ఈ వ్యాసం రాసినవాడి చేనులో కూడా మూతలు బిగించిన గొట్టాలు నాలుగున్నాయి. చిన్నాయన కంటే ఒకటి ఎక్కువ.

ప్రపంచ చదరంగం మీద చిన్నాయన అభిప్రాయాలు కచ్చితమైనవి, కష్టమైనవి. గుంటూరు హరికృష్ణ, గుడివాడలో పుట్టిన హంపి, గుంటూరు హారిక, అందరూ మనవాళ్లే. వాళ్ల మీద మాట పడనివ్వడు. వరంగల్ అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగు దాటాడు. ఆనంద్ తర్వాత అది అందుకున్న రెండో భారతీయుడు. అతని ఆటలో కొట్లాట ఉంటుంది కాబట్టి ఆ రోజు చిన్నాయన హోటల్లో అందరికీ టీ చెప్పాడు. పద్దు ఇంకా ఉంది. కాని అదే నెల 12న చెన్నైలో తెలుగువాళ్ల ఇంట పుట్టిన గుకేశ్ సింగపూర్‌లో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియనైతే చిన్నాయన ముఖం వేలాడింది. "మనోడు గెలిచినాడు గదా చిన్నాయనా" అంటే "గెలిచినాడులే" అన్నాడు. పద్నాలుగో ఆట, డ్రాగా పోయే స్థితి, యాభై ఐదో ఎత్తులో ఎదుటి ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు; గుకేశ్ చక్కగా ఏనుగుకు ఏనుగు, ఒంటెకు ఒంటె మార్చుకుని, ఒక్క బంటు ఎక్కువతో ఏడున్నర, ఆరున్నర తేడాతో కిరీటం ఎత్తుకుపోయాడు. మంత్రి బలి లేదు, ఏనుగు బలి లేదు. ఓపికగా గంటలు గంటలు కూర్చుని ఎదుటివాడు తప్పు చేసేదాకా చూడడం చిన్నాయన లెక్కలో ఆట కాదు, తాలూకాఫీసు పని.

ఈ వర్ణనలో ఎక్కడైనా పాత పగ వాసన వస్తే దానికి కారణముంది, దాచడం పద్ధతి కాదు. వ్యాసకర్త పన్నెండో ఏట శ్రీశైలం తిరునాళ్లలో కొనుక్కున్న చెక్క పావుల పెట్టెను చిన్నాయన "ఒక్క ఎత్తు చూసి ఇచ్చా" అని తీసుకుపోయాడు. పెట్టె మూడేళ్లకు తిరిగొచ్చింది. ఒక తెల్ల గుర్రం రాలేదు. చిన్నాయన చొక్కా జేబులో అది ఎన్ని చాకిరేవులు చూసిందో ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి ఆ పెట్టెలో తెల్ల గుర్రం స్థానంలో ఒక బుడ్డకాయను, అంటే వేరుశనగకాయను, నిలబెట్టి ఆడడం ఆచారమైంది. కాయ ఏడాదికొకటి మారుతుంది. రెండు గింజలది నడుం పల్లంగా ఉండి బాగా నిలబడుతుంది.

చిన్నాయన తన జన్మలో నిజమైన ఆటలో ఊపిరాడని కట్టు వేసింది ఒక్కసారే, అదీ ఈ పెట్టెతోనే. రావిచెట్టు కట్ట మీద, తెల్ల పావులతో, వరుసకు మామ అయ్యే ఒక పెద్దాయన మీద. ఆ పెద్దాయనది పాత దేశవాళీ పద్ధతి. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది. కోట కట్టడం లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి, షా పడకముందు, గుర్రంలా దూకొచ్చు. ఆ దూకులో పావును కొట్టొచ్చా, కొట్టకూడదా అన్నది ఊరికో తీరు. వీటిలో ఒక్క ముక్క కూడా ఆట మొదట్లో మాట్లాడుకోలేదు.

స్థితి కుదిరింది. మంత్రి షా. రాజు మూలకు. బుడ్డకాయ షా. రాజు వెనక్కి. బుడ్డకాయ పక్కకు తప్పుకుంది, రెండు షాలు. రాజు మూలకు. చిన్నాయన కళ్లద్దాలు దించి, వణుకుతున్న చేత్తో మంత్రిని ఏనుగు నోటి ముందు పెట్టాడు. పెద్దాయన ఏనుగుతో తిన్నాడు. చిన్నాయన బుడ్డకాయను ఎత్తి ఆఖరి గడిలో నిలబెట్టి, ఇరవై ఏళ్లుగా ఫోనుకూ కాగితానికీ మాత్రమే చెప్పిన మాటను మొదటిసారి మనిషికి చెప్పాడు. "కట్టు."

పెద్దాయన పలకను తీరిగ్గా చూశాడు. మూలనున్న రాజును రెండు వేళ్లతో పట్టుకుని గుర్రంలా దూకించి నేరుగా బుడ్డకాయ ఉన్న గడిలో దించాడు. మూల నుంచి ఆ గడి సరిగ్గా గుర్రం ఎత్తు దూరమే. దాన్ని కాయడానికి తెల్లవాళ్లకు మంత్రి మిగలలేదు.

"షా పడినాక దూకేకి లేదు మామా!" చిన్నాయన లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడు పడె? షా అని నోరిడిచి చెప్పితివా?"

చెప్పలేదు. ఫోనులో ఎవరూ షా అని చెప్పరు. రాజు గడి ఎర్రబడుతుంది, అంతే. ఇన్నేళ్ల అలవాటు. కట్ట మీద చుట్టూ కూర్చున్న ఆరుగురినీ అడిగాడు, ఎవరూ వినలేదన్నారు. వినకపోవడం నిజమే. సరే, ఎత్తు వెనక్కి పెట్టి పంచాయితీ పెడదాం, బుడ్డకాయను ఇటివ్వు మామా అని చెయ్యి చాచాడు. పెద్దాయన అప్పటికే కొట్టిన గుర్రాన్ని వలిచి నోట్లో వేసుకున్నాడు.